డిస్కు గదిలో కుంకుమ

మా మిల్లు ఇప్పుడు లేదు. యంత్రాలను లారీలకెత్తి అమ్మేశారు. రేకులు ఎవరికి దొరికినవి వాళ్ళు పీక్కుపోయారు. గోడల మధ్య తుమ్మచెట్లు లేచాయి. కాబట్టి ఇప్పుడు ఏం చెప్పినా ఎవరి ఉద్యోగమూ పోదు. అప్పట్లో మాత్రం ఒక్కడి ఉద్యోగం నిలబడటానికి ఇంటిల్లిపాదీ నోరు మూసుకున్నాం.

తొంభైల చివరి సంగతి. ప్రత్తిపాడు చుట్టూ పచ్చపురుగు వరసగా పత్తిని తినేసిన ఏళ్ళవి. పురుగుకని కొన్న మందు మనుషులు తాగిన ఏళ్ళు. మా ఆయన తాగలేదు, జ్వరంతో పోయాడు. అంతవరకు నయం అనుకున్నాను. కౌలు చేను వదిలేసి, రోడ్డు పక్కన నూలు మిల్లు ఉంటే అందులో నూలు చిలపలు చుట్టే రీలింగు సెక్షనులో రోజుకూలీకి చేరాను. పత్తి నుసికి దగ్గు పట్టుకుంది. నేను దగ్గుతుంటే దారం తెగిపోయేది, మేస్త్రీ తిట్టేవాడు.

మా తమ్ముడి కొడుకు ఆ మిల్లు ఆఫీసులోనే కంప్యూటరు ఆపరేటరు. నా కూతుర్ని అతనికే ఇచ్చాను. చిన్నప్పుడు నా చేతిముద్దలు తిని పెరిగినవాడు గనక అల్లుడయ్యాక కూడా ఒరేయ్ అనే పిలిచేదాన్ని. వాడు మేనేజరుగారికి చెప్పి నన్ను ఆఫీసు కంప్యూటరుండే డిస్కు గది శుభ్రం చేసే పనికి మార్పించాడు. మొదటి రోజు చీపురు పట్టుకుని వెళ్ళాను.

“చీపురు బయట పెట్టత్తా.”

“చీపురు లేకుండా ఊడవడమేంట్రా?”

“ఊడవొద్దు, తుడువు. దుమ్ము పైకి లేవకూడదు, అంతే. లేచిందా, నీ పనీ పోద్ది, నా పనీ పోద్ది.”

నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాట మాట కాదని తర్వాత తెలిసింది. ఆ గదిలో కంప్యూటరు యంత్రాన్ని ఎప్పుడో ఎక్కడో వాడి వదిలేస్తే మిల్లు వాళ్ళు కొని తెచ్చారు. దాన్ని చేసిన కంపెనీ సామాను పంపడం మానేసింది. కొత్త చిన్న కంప్యూటర్లు వస్తాయని ఏటా అనేవారు, వచ్చేవి కావు. అవి వచ్చేదాకా ఈ పాతదాన్ని చెడకుండా నడిపిస్తే అల్లుణ్ణి కొత్తవాటి మీదికి తీసుకుంటారు. మధ్యలో ఇది ఆగిపోతే ఇతనితో పని ఉండదు. మేనేజరుగారు ఈ మాట దాచకుండా చెప్పేశాడు.

గదిలో డిస్కులు తిప్పే డ్రైవులు రెండుండేవి. ఇనప బీరువాను నడుము దగ్గర కోసి నిలబెట్టినట్టుండేది ఒక్కోటి. ఒకటి ఎప్పుడో చచ్చింది, దాని భాగాలు పీకి రెండోదానికి వేస్తూ లాక్కొస్తున్నాడు. పైమూత ఎత్తితే లోపల డిస్కు ప్యాక్ కూర్చుని ఉంటుంది. ఇడ్లీ రేకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చిన పళ్ళాలు, గుంటలు లేకుండా నున్నగా, ఇటుక రంగులో. బయటికి తీస్తే దానికొక పారదర్శకమైన ప్లాస్టిక్ మూత. మిల్లులో ఎవరు ఎన్నాళ్ళు పనిచేశారో, ఎవరికి ఎంత జీతమో అంతా ఆ పళ్ళాల మీదే ఉంటుందని అల్లుడు చెప్పాడు. నేను మూడో తరగతి వరకే చదివాను. ఎంత వంగి చూసినా వాటి మీద నాకు ఒక్క గీత కూడా కనపడలేదు.

ఆ పళ్ళాల మధ్య వాటిని చదివే మొనలు, హెడ్డులంటారు, తిరుగుతాయి. చేను మీద గద్ద నీడ పాకుతుంది చూడండి, ఆకును తాకకుండా, అలా పోవాలి అవి. మధ్యలో నలుసు పడితే గుద్దుకుంటాయి. నలుసు లేకుండా చూడటమే మా ఇద్దరి పని. అటు చూస్తే పత్తి మిల్లు. ఇటు చూస్తే కిటికీ అవతల మిరప కళ్ళాలు. మాఘమాసం వచ్చిందంటే రోడ్డు మీద మిరప బస్తాలు, టిక్కీలంటాం, కట్టిన లారీలు బారులు తీరేవి, గాలికే కళ్ళు మండేవి. అల్లుడు కిటికీ సందులన్నిటికీ టేపు అంటించాడు. నేను కాళ్ళు కడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాలి. తలలో పూలు కూడదు, మొహానికి పౌడరు కూడదు. ఆ రెండూ మా ఆయనతోనే పోయాయి గనక నాకు ఇబ్బంది లేదు.

తడిగుడ్డ గట్టిగా పిండి నేల తుడిచేదాన్ని. డ్రైవు అడుగున ఉండే నురగ ఫిల్టరు తీసి సబ్బునీళ్ళలో ఉతికి నీడన ఆరేసేదాన్ని. ఎండలో వేస్తే పొడి రాలుతుందట. ఇంకో కాగితం ఫిల్టరు ఉంది, మడతలు మడతలుగా. అది ఉతికేది కాదు, మార్చేది. మార్చమని మేనేజరుగారిని అల్లుడు అడుగుతూనే ఉన్నాడు. ప్యాకుల పైమూతలు తుడవడం వరకే నాకు వదిలేవాడు. పళ్ళాలూ హెడ్డులూ తనే చూసుకునేవాడు. పల్చటి పుల్లకు నూగు రాలని గుడ్డ చుట్టి, స్పిరిట్‌లో తడిపి, ప్యాకును చేత్తో మెల్లగా తిప్పుతూ పళ్ళెం పళ్ళెం తుడిచేవాడు. హెడ్డుల్ని పళ్ళ డాక్టరు అద్దం లాంటిది పెట్టి, టార్చిలైటు వేసి చూసేవాడు. అప్పుడు నేను మాట్లాడకూడదు, దగ్గొస్తే బయటికి పరిగెత్తాలి.

ఆ నూగు రాలని గుడ్డ ఒకసారి వాడి పారేయాలి. పారేస్తుంటే నాకు ప్రాణం పోయినట్టుండేది.

“ఎంత మంచి గుడ్డరా, ఉతికితే ఏళ్ళు వస్తది.”

“నీకు కావాలంటే ఇంటికి పట్టుకుపో అత్తా. ఇక్కడ మాత్రం రెండోసారి కనపడకూడదు.”

పట్టుకుపోయాను. మా ఇంట్లో మసిగుడ్డలన్నీ అవే. రీలింగులో నా పాత జతగత్తె, ఊళ్ళో నన్ను వదినా అనేది, అందరి ముందూ ఎగతాళి చేసేది. “ఏం వదినా, అల్లుడి గదిలో ఏసీలో పడుకుని తెల్లబడ్డావంట! కంపెనీ గుడ్డలు మూటగట్టి చీర కుట్టించుకుంటున్నావంట!” నా పిసినారితనం మిల్లంతా తెలుసు. పొదుపు లేకపోతే మేం ఆ ఏళ్ళు దాటేవాళ్ళం కాదు, కాబట్టి నేనేం సిగ్గుపడలేదు.

ఇప్పుడు చెప్పబోయేదానికి ముందు ఏడాది, పత్తిని ఏకే కార్డింగు మిషనులో ఒక అమ్మాయి చెయ్యి పడింది. మోచేతి దాకా పోయింది. మరమ్మతులో ఉందని దసరాకు ఆ మిషనుకు పూజ చేయలేదు, అందుకే అలా అయిందని మిల్లంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. దాంతో మరుసటి దసరాకు ఒక్క చక్రం కూడా విడిచిపెట్టకుండా పూజ చేయాలని మేనేజరుగారు పట్టుబట్టాడు. దేవుడంటే భయమున్న మనిషి. ఆ అమ్మాయిని తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆమె రక్తం ఆయన చొక్కా నిండా అయింది. ఆయన పట్టుదల ఊరికే వచ్చింది కాదు.

మహర్నవమి నాడు మిషన్లన్నీ ఆపేశారు. కడిగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, వరసగా వస్తున్నారు. కుంకుమ పళ్ళెం నా చేతిలో పెట్టారు. డిస్కు గది గుమ్మానికి అల్లుడు పొద్దున్నే మామిడాకులు కట్టి, తలుపుకు బొట్టు పెట్టి ఉంచాడు, అక్కడితో సరిపెట్టుకుంటారని. మేనేజరుగారు లోపలికి వచ్చేశాడు. వెనకాల సాంబ్రాణి పట్టుకుని ఇంకొకతను, ఆ వెనక గుంపు.

“దీనికి బొట్టు ఏదయ్యా?”

“తలుపుకు పెట్టామండి. లోపల వద్దండి, పొడి పడితే మిషను...”

“పొడా? అమ్మవారి కుంకుమని పొడి అంటావా?”

గుంపులో నవ్వారు. అల్లుడి మొహం ఎర్రబడింది.

“అదికాదండి సార్...”

“కార్డింగు సంగతి మరిచిపోయావేంటి? పూజ లేని మిషను మనిషిని అడుగుద్ది. దేవుణ్ణి లోపల కూర్చోబెట్టి గుమ్మానికి దండం పెట్టి పోతారా ఎవరన్నా? ఎత్తు మూత.”

అల్లుడు నా వైపు చూశాడు. నేను పళ్ళెం పట్టుకుని ఉన్నాను. వాడు మూత ఎత్తాడు.

మేనేజరుగారు బొటనవేలు కుంకుమలో ముంచి, కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటూ, ప్యాకు నడినెత్తిన పెట్టాడు. వేలికున్నది సగం నిలబడింది, సగం రాలింది. పై పళ్ళెం మీద ఎర్రగా చిమ్మినట్టు పడింది, కొంత అంచు నుంచి కిందికి జారింది. సాంబ్రాణి పొగ మూత కిందికి వెళ్ళింది. అల్లుడు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. దండం పెడుతున్నాడో, వద్దని బతిమాలుతున్నాడో ఆ నిలబడటం చూస్తే నాకు తెలియలేదు.

అందరూ వెళ్ళాక కనపడినంత తుడిచాడు. గుడ్డ మార్చి గుడ్డ, పుల్ల మార్చి పుల్ల. గుడ్డకు ఎరుపు రావడం ఆగిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

“పోయిందిగా?”

“కనపడేది పోయింది. సందుల్లోకి జారింది తిరిగేటప్పుడు లేస్తది. కాగితం ఫిల్టరు చూస్తే ఏడాది నాటిది.”

“అయితే ఇప్పుడు నడపబాకు.”

“హైదరాబాదు నుంచి మెకానిక్కు వచ్చి మొత్తం విప్పి శుభ్రం చేసేదాకా నడపనని చెప్తానత్తా.”

చెప్పాడు. పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున మేనేజరుగారు గదిలోకి వస్తే నా ముందే చెప్పాడు. ఆయన వినలేదు. జీతాల చీటీలు ఆ రోజే అచ్చు కావాలి. గేటు దగ్గర జనం అప్పుడే మూగారు. “పండగ చేసి చేతులు ఖాళీ అయిన జనంతో నువ్వు మాట్లాడతావా, నేను మాట్లాడాలా? ఫిల్టరూ ఫిల్టరూ అని ఏడాదిగా ఒకటే పాట. మొదలెట్టు” అని వెళ్ళిపోయాడు.

“గట్టిగా కుదరదని అనలేవురా?” అన్నాను.

“అంటే? డిగ్రీలు చేతబట్టుకుని గేటు బయట ఎంతమంది ఉన్నారో తెలుసా నీకు?”

మీట నొక్కాడు. డ్రైవు రోజూలాగే మూలిగి, వేగం అందుకుని, సన్నగా పాడటం మొదలుపెట్టింది. చీటీలు పడుతున్నాయి. వాడు నుదురు తుడుచుకుని నా వైపు చూసి తలాడించాడు. అంతలో గాజు మీద మేకుతో గీసినట్టు కీచుమంది. వాడు ఒక్క ఉరుకున వెళ్ళి ఆపాడు గానీ, అది ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగేదాకా కీచుమంటూనే ఉంది. మూత ఎత్తితే కాలిన వాసన. పై పళ్ళెం మీద ఇటుక రంగు చెక్కుకుపోయి, కింది లోహం గుండ్రంగా మెరుస్తోంది.

మేనేజరుగారు పరిగెత్తుకొచ్చాడు. చూశాడు.

“నకలు ఉందిగా. రెండో ప్యాకు. అది పెట్టు.”

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. హెడ్డు ఒకసారి గుద్దుకుంటే అదే కత్తి అయిపోతుంది, తర్వాత ఏ ప్యాకు పెట్టినా కోసేస్తుంది. మశూచి సోకిన పక్క మీద ఇంకో బిడ్డను పడుకోబెట్టినట్టే. ఈ మాట నాకు చెప్పింది అల్లుడే. చేరిన కొత్తలోనే చెప్పాడు. వాడికి తెలియక కాదు.

“సార్, హెడ్డులు పాడైనాయి. ఇది పెడితే ఇదీ పోద్దండి,” అన్నాడు.

“నాకు చెప్పకు. బయట వాళ్ళకు ఏం చెప్పమంటావ్? పెట్టు.”

“సార్...”

“నీ వల్ల కాదంటే చెప్పు, ఇంకొకణ్ణి పిలుస్తాను.”

పెట్టాడు. నకలు దాచిన బీరువాలోంచి తీసి, ప్లాస్టిక్ మూత విప్పి, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు దింపి, మీట నొక్కాడు. ఈసారి పాడటం దాకా కూడా రాలేదు, ముందే కీచుమంది.

మిల్లులో అందరి హాజరు, పని చేసిన రోజులు, ఆ రెండిటిలోనే ఉన్నాయి. మూడోది లేదు.

గుంటూరు నుంచి యాజమాన్యం తరపు మనిషి విచారణకు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ మధ్యాహ్నం అల్లుడు అన్నానికి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు గానీ కలపలేదు. నా కూతురు చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చుంది.

“మేనేజరుగారు కుంకుమ మాట రానివ్వడు. రానిస్తే ఆయన ఉద్యోగం పోద్ది. నకలు నా అంతట నేనే పెట్టానని ఆయన చెప్తాడంట. అప్పుడు నాది పోద్ది,” అన్నాడు.

“నువ్వేం అంటావు?”

అన్నంలో వేలితో గీతలు గీశాడు.

“చెప్పరా.”

“ఇంకో దారి ఉందన్నాడత్తా. శుభ్రం చేసేవాళ్ళు నూగు రాలే గుడ్డ వాడారని తేలితే, ప్యాకులు రెండూ ముందే పాడై ఉన్నాయని రాసేస్తారంట. ఎవరిదీ పోదు.”

“శుభ్రం చేసేవాళ్ళంటే ఎవరు?”

“అత్తా...”

“ఎవర్రా అని అడుగుతున్నా. ఆ గదిలో మీ మేనేజరు తుడుస్తున్నాడా?”

నా కూతురు అందుకుంది. “అమ్మా, నీది రోజుకూలీ. ఇవాళ కాకపోతే రేపన్నా తీసేసేదే. ఆయనది పోతే మనం మందు డబ్బా చూసుకోవాల్సిందే.”

“నోరు ముయ్యవే! చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని అనే మాటేనా అది?”

అరిచాను గానీ అది అన్నదానిలో తప్పు లేదు. నేను బియ్యం డబ్బా వైపు చూశాను. ఇంట్లో ఎవరిది ఉండాలి, ఎవరిది పోయినా ఫరవాలేదు అని పంచుకోవడం నాకు కొత్త కాదు. పంట పోయిన ఏడు గేదెను అమ్మి దూడను ఉంచింది నేనే.

“తిను. చల్లారిపోతోంది,” అన్నాను. వాడు తిన్నాడు.

విచారణకు వచ్చినాయన మేనేజరుగారి కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరుగారు పక్కన నిలబడ్డాడు. అల్లుడు తలుపు దగ్గర.

“ఏమ్మా, ఏ గుడ్డతో తుడిచావు?”

“నా పాత చీర చింపానండి.”

“కంపెనీ గుడ్డలు ఇచ్చారుగా?”

“దాచుకున్నానండి. మంచి గుడ్డలు పారేయబుద్ధి కాలేదు.”

ఆయన నవ్వాడు. “ఇల్లనుకున్నావా ఏంటి?” అల్లుడి వైపు తిరిగాడు. “నువ్వు చూడలేదా?”

“లేదండి. నేను లేనప్పుడు చేసిందండి.”

ఆ మాట మేం ఇంట్లో అనుకున్నది కాదు. వాడే కలిపాడు. ఎంత తేలిగ్గా కలిపాడంటే, నేను తలెత్తి చూశాను.

నన్ను ఆ రోజే తీసేశారు. గేటు దగ్గర రీలింగు జతగత్తె ఎదురుపడింది. పర్మనెంటు అవుతానని ఎదురుచూస్తున్న మనిషి. ఆమె రోజులన్నీ ఆ పళ్ళాల మీదే ఉండేవి, ఇప్పుడు మొదటి నుంచి లెక్క మొదలు. ఆమె నన్ను వదినా అనలేదు. “ముండా, గుడ్డముక్క మిగుల్చుకుని మా బతుకుల్ని తుడిచిపెట్టావు గదే!” అని నేల మీద ఉమ్మింది. చెప్పాలంటే నా నోట్లో ఒక్క మాట ఉంది, కుంకుమ అని. మింగేశాను. ఆమె చనిపోయేదాకా నాతో మళ్ళీ మాట్లాడలేదు. తర్వాత నేను కోల్డు స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయాను. ఘాటుకు దగ్గు తిరగబెట్టింది, మళ్ళీ తగ్గలేదు.

అల్లుడి ఉద్యోగం నిలబడింది. కొన్నేళ్ళకు కొత్త చిన్న కంప్యూటర్లు వచ్చాయి, వాటి మీదికి తీసుకున్నారు. వాటిని పెట్టడానికి వచ్చిన కుర్ర ఇంజనీరును ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. చంటిది అప్పటికి బడికి పోతోంది. గోంగూర, కోడికూర చేశాం. తింటూ తింటూ ఆ ఇంజనీరు పాత మిషను ఏమైందని అడిగాడు.

అల్లుడు పగలబడి నవ్వాడు. “అదొక పెద్ద కథ సార్. ఇదిగో మా అత్తే! పాత చీరముక్క తీసుకుని, గిన్నెలు తోమినట్టు ఇట్టా గుండ్రంగా తుడిచేసింది. రెండు ప్యాకులూ ఫినిష్!” చెయ్యి గాల్లో తిప్పి చూపించాడు. మనవరాలు కిసుక్కున నవ్వి, “అమ్మమ్మా, నువ్వా!” అంది. నా కూతురు గరిట పట్టుకుని గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆ పళ్ళాలను నేను జన్మలో ముట్టుకోలేదు.

వాడు ఒక్కసారి నా వైపు చూస్తాడని ఎదురుచూశాను. చూశాడు కూడా. తప్పించుకోలేదు. వాడు అబద్ధం ఆడేటప్పుడు మొహం ఎలా ఉంటుందో పసితనం నుంచి నాకు తెలుసు, కింది పెదవి లోపలికి పోతుంది. ఇప్పుడు పోలేదు. సరదాగా, ప్రేమగానే నవ్వుతున్నాడు. వాడికి ఆ చీరముక్క కనపడుతోంది. నా చెయ్యి గుండ్రంగా తిరగడం కనపడుతోంది.

“నిజమేనా మామ్మగారూ?” అన్నాడు ఆ కుర్రాడు.

“నిజమే బాబూ. మజ్జిగ పోయమంటారా?” అన్నాను.